పొట్టులోని పసుపు రంగు

మా ముత్తాత కుప్పం వైపు తొమ్మిది ఊళ్లకు శిస్తు వసూలు చేసే మిట్టాదారు. ఆయన గుర్రం దిగితే గానీ ఆ ఊళ్లలో పంచాయతీ మొదలయ్యేది కాదు. మా తాత గుర్రం మానేసి గూడుబండిలో తిరిగాడు. అయినా పుంగనూరు కచేరీలో ఆయనకని ఒక కుర్చీ ఉండేది. ఆయన రాని రోజున అది ఖాళీగానే ఉండేది. మా నాన్న కాలానికి మిట్టలు రద్దయ్యాయి. ఊళ్లు పోయాయి, బండి పోయింది, ఆయనకు మిగిలింది సంతకం. ఎవరు ఉద్యోగానికి పోవాలన్నా, ఎవరు బిడ్డను బడిలో చేర్చాలన్నా, మా నాన్న చేత నాలుగు ముక్కలు రాయించుకుని పోయేవారు. ఆయన పోయాక ఆ సంతకం నాకు వచ్చింది. ఆయనకు నేను ఒక్కదాన్నే సంతానం.

సంతకంతో పాటు పుంగనూరులోని ఇల్లు, కుప్పం దగ్గర కొంచెం మెట్ట, ఒక రాగి గంగాళం వచ్చాయి. గంగాళం గురించి కొంత చెప్పాలి. నిలబడితే దాని అంచు నా నడుముకు తగిలేది. కిస్తు కట్టడానికి తొమ్మిది ఊళ్ల నుంచి వచ్చే రైతులకు మా ముత్తాత దాంట్లో మజ్జిగ కలిపించేవాడట. ఏటా ఉగాదికి ముందు కళాయి పెట్టేవాళ్లు వచ్చి లోపల తగరం పూసి వెండిలా తెల్లగా చేసి పోయేవారు. దాన్ని తోమడానికి మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. బయటి పక్క పనివాళ్లు చింతపండూ బూడిదా వేసి తోమాలి. లోపలి పక్క మాత్రం ఇంటివాళ్లే కడగాలి. పనివాళ్ల చెయ్యి లోపల పడకూడదు. మా అమ్మ బతికి ఉన్నంతకాలం ఒంగి లోపల తనే కడిగేది. ఆమె పోయాక నేను చెంబుతో నీళ్లు పోసి, గంగాళాన్ని పక్కకు ఒరిగించమనేదాన్ని. ఒంగి చూసే అవసరం నాకెప్పుడూ రాలేదు.

నేను మదనపల్లెలో బి.ఎస్సీ. చదివాను, కెమిస్ట్రీ. చదువయ్యాక బడిలో టీచరు ఉద్యోగం వస్తుందని చెప్పినవాళ్లకు నేను జవాబు ఇవ్వలేదు. జీతానికి మనుషులను పెట్టుకున్న ఇల్లు మాది. జీతానికి పోయిన ఇల్లు కాదు. కానీ ఏదో ఒకటి చేయాలి. డెబ్బైల చివర్లో మా ఇంటి పక్క రోడ్డు మీద వేరుశనగ కాయలు ఒలిచే మిల్లు ఒకటి నడిచేది. గింజ సంచుల్లో పోయేది, పై పెంకు కొండలా పేరుకునేది. మా వైపు దాన్ని పొట్టు అంటారు. ఇటుక బట్టీలవాళ్లు బండ్లతో తోలుకుపోయి కాల్చేవారు. గాలి వీస్తే మా వసారా అంతా పొట్టే.

మా లెక్చరరు గారు ఒకసారి క్లాసులో చెప్పిన మాట నాకు గుర్తుంది. వేరుశనగ పొట్టులో ఒక పసుపు పదార్థం ఉంటుందనీ, పేరు ల్యూటియోలిన్ అనీ, రసాయన రంగులు రాకముందు దూరదేశాల్లో దాన్నే ఒక మొక్క నుంచి తీసి పట్టుకు అద్దేవారనీ అన్నారు. మదనపల్లె పక్కన ఎన్ని పట్టు మగ్గాలు ఉన్నాయో అందరికీ తెలుసు. ఊరంతా కాల్చేసే చెత్తలోంచి పట్టుకు రంగు తీసిన ఇల్లు అని మళ్లీ మా పేరు వినబడాలనుకున్నాను. నా ఆశ అంతే.

పొట్టు దంచడానికి ఒక మనిషి కావాల్సి వచ్చింది. మిల్లులో పొట్టు ఎత్తే ఆడమనిషిని పిలిపించాను. ఆమె మామగారు, ఆ మామగారి తండ్రి మా మిట్టలో పశువులు కాసినవాళ్లు. ఆమె మొగుడు టమేటా తోటలకు మందు కొట్టే పనికి పోయేవాడు. ఆమెకు ముప్పై ఏళ్లు ఉంటాయేమో. చదువు లేదు. చెయ్యి మాత్రం చాలా శుభ్రం. పాత పశువుల కొట్టంలో రోలు వేయించి, రోజూ మిల్లు పని అయ్యాక రెండు గంపల పొట్టు దంపించి జల్లెడ పట్టించేదాన్ని. ఆ దుమ్ముకు ఆమె విడవకుండా దగ్గేది. దగ్గితే పొడి ఎగిరిపోతోందని నేను రోలును ఇంకా మూలకు, గాలి రాని చోటికి జరిపించాను.

మొదటిసారి గాజు సీసాలో చేశాను. పిడికెడు పొడిని రంగుల దుకాణంలో దొరికే స్పిరిట్‌లో నానబెట్టి, వడగట్టి, వేడినీళ్ల మీద ఆ స్పిరిట్‌ను ఆవిరి చేశాను. అడుగున మిగిలిన జిగురును కడిగి శుద్ధి చేస్తే గోరంత పసుపు పొడి వచ్చింది. దాన్ని సన్నటి గాజుగొట్టంలో పోసుకుని మదనపల్లె బస్సెక్కాను.

లెక్చరరు గారు నా పొడినీ తన బీరువాలో ఉన్న అసలు ల్యూటియోలిన్‌నూ వడపోత కాగితం మీద పక్కపక్కనే చుక్కలుగా పెట్టారు. కాగితం అంచును ద్రావకంలో ముంచి నిలబెట్టారు. ద్రావకం పైకి పాకింది, దాంతో పాటు రెండు చుక్కలూ కదిలి ఒకే ఎత్తులో ఆగాయి. అమోనియా ఆవిరి చూపిస్తే రెండూ ఒక్కలాగే చిక్కబడ్డాయి.

"అదేనమ్మా. సందేహం లేదు," అన్నారు ఆయన. "అయితే గోరంతతో ఏమవుతాది? ఇంతే శుభ్రంగా దోసెడు చేసి తీసుకురా. పరీక్ష చేసి కాగితం మీద రాసిస్తాను. ఆ కాగితం చూపిస్తే రంగుల సాయిబు కాదనడు."

పట్టుకు రంగు అద్దే ఆ సాయిబుగారి దగ్గరికీ అదే రోజు వెళ్లాను. ఆయన నా గొట్టాన్ని వెలుతురులో పెట్టి చూసి, "సామంతి పువ్వు మాదిరి ఉండాదమ్మా. దోసెడు తీసుకురాండి, ఒక చిలప పట్టునూలు ముంచి చూస్తాం," అన్నాడు. నేను కూర్చోలేదు. కూర్చోమని ఆయన స్టూలు వేయించాడు గానీ, పనివాళ్ల మధ్య స్టూలు మీద కూర్చోవడం నాకు అలవాటు లేదు.

ఇంటికి వచ్చేసరికి పొట్టు దంచే మనిషి నా కోసం కాచుకుని ఉంది.

"అమ్మా, కుప్పంలో ఆడపిల్లల హాస్టల్లో ఆయా పని ఖాళీ ఉండాదంట. గవర్మెంటు పని. ఇంతకు ముందు యాడ పని చేసినావో వాళ్లతో నడవడిక బాగుందని రాయించుకుని రమ్మంటాండారు. మీరు రాసిస్తే ఇంకెవురూ అడ్డం చెప్పరు."

"నా పని సగంలో ఉంది," అన్నాను.

"పని ముగించే పోతానమ్మా. రాసి పెట్టుకుంటే..."

"ముగిశాక చూద్దాం."

ఆ తర్వాత ఆమె వారానికోసారి అడిగింది. నేను ప్రతిసారీ అదే జవాబు ఇచ్చాను. అడిగిన రోజున ఆమె ఇంకొక గంప ఎక్కువ దంచుతుందని నేను గమనించాను.

దోసెడు పొడి కావాలంటే గంపలకొద్దీ పొట్టు కావాలి. అంత స్పిరిట్ కొనే పరిస్థితి మాకు లేదు. అందుకని పొట్టును చాకలి సోడా కలిపిన నీళ్లలో కాచి, వడగట్టి, ఆ నీళ్లకు ఆమ్లం కలిపి పసుపును అడుగుకు దింపాలని లెక్క వేసుకున్నాను. దానికి పెద్ద పాత్ర కావాలి. గంగాళాన్ని బయటికి తీయించాను. ఆమె బయటి పక్కంతా తోమి ఎర్రగా తళతళలాడించింది. ఆ తర్వాత చేతులు బూడిదతోనే నిలబడింది.

"అమ్మా, ఒక మాట చెప్తా, ఏమనుకోవద్దు. దీనికి లోపల కళాయి పోయుండాది. పులుపు పోస్తే కిలుమెక్కుతాది. మా ఇంట్లో పెద్ద కుండలు రెండుండాయి, తెచ్చిస్తా."

"కుండలో కాచడానికి ఇదేమన్నా మీ ఇంటి సంగటా?"

"సంగటో రంగో కుండకేం తెలుసమ్మా," అని ఆమె నవ్వింది.

"లోపల పోయిందని నీకెట్లా తెలుసు? లోపల చెయ్యి పెట్టినావా?"

"చెయ్యి యాల పెడతానమ్మా. నీళ్లు పోసేటప్పుడు కనపడింది. ఈసారి కండ్లు మూసుకుని పోస్తాలే."

"మా తాత నాటి నుంచి ఏటా కళాయి పెట్టిస్తాండాం. మా ఇంటి పాత్ర సంగతి నువ్వు నాకు చెప్పాల్సిన పని లేదు. పొయ్యి రాజెయ్యి."

ఆమె పొయ్యి రాజేసింది. పులుపు తగిలితే రాగి కిలుమెక్కుతుందని, కళాయి లేని పాత్రలో చారు కాచకూడదని మా వైపు వంటింట్లో ప్రతి ఆడమనిషికీ తెలుసు. కెమిస్ట్రీ చదివిన నాకు ఇంకా బాగా తెలుసు. నాకు తెలియనిది ఒక్కటే. మా ఇంటికి కళాయివాళ్లు వచ్చి ఎన్నేళ్లయిందో నేను ఎప్పుడూ లెక్కపెట్టలేదు. మా ఇంట్లో ఏటా పెట్టిస్తారు అన్న మాట నా నోట్లో ఉన్నంతకాలం, పెట్టించినట్టే అనుకున్నాను.

కాచి, పొట్టు తీసేసి, బ్యాటరీ దుకాణంలో తెచ్చిన ఆమ్లం నీళ్లలో కలిపి గంగాళంలోనే పోశాను. రెండు రోజులు అందులోనే వదిలేశాను. అడుగున మడ్డి దిగింది. గుడ్డలో వడగట్టి నీడలో ఆరబెట్టాం. దోసెడు కంటే ఎక్కువే వచ్చింది గానీ రంగు కొంచెం మసకగా ఉంది. పాత పొట్టు కలిసి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను.

ఈసారి మొదట సాయిబుగారి దగ్గరికి పోవడం నా తొందరపాటు. ఆయన పటిక నీళ్లలో నానిన తెల్ల పట్టు చిలపను నా రంగులో ముంచి, కాసేపు తిప్పి, కర్రతో పైకెత్తాడు. అది పసుపు కాదు. పశువుల తొట్టి గోడకు పట్టే రంగు.

"ఏందమ్మా ఇది," అన్నాడు ఆయన నిదానంగా. "సామంతి పువ్వు తెస్తామని చెప్పి సెరువు పాచి తెచ్చినారే. దీంతో చీర నేస్తే పెండ్లికూతురు ముందు దాంట్లో కప్ప దూకుతాది."

తొట్ల దగ్గర ఉన్న పనివాళ్లు ఐదారుగురు నవ్వారు. ఒకడు కప్పలా అరిచాడు కూడా. మా ముత్తాత ముందు వాళ్ల ముత్తాతలు తలపాగా తీసి నిలబడి ఉంటారని అనుకుంటూ నేను వెన్ను నిటారుగా పెట్టుకుని బయటికి వచ్చాను.

లెక్చరరు గారు నా పొడిని ఆమ్లంలో తడిపిన తీగకు అద్ది మంటలో పెట్టారు. మంట పచ్చగా మారింది. నీలం కలిసిన పచ్చ. కొంచెం పొడిని మూసలో కాల్చారు. మొక్క నుంచి తీసిన శుద్ధమైన పదార్థం కాలితే ఏమీ మిగలకూడదు. నల్లటి బూడిద మిగిలింది.

"రాగి ఉంది," అన్నారు. "దేంట్లో కాచినావమ్మా?"

"మా గంగాళంలో. కళాయి ఉన్నదే."

"కళాయి ఉంటే ఇంత రాగి రాదే. మరి తుత్తం ఏమన్నా కలిసిందా? మీ కొట్టంలో తోటల మందులు పెడతారా?"

ఆయన మామూలుగా అడిగారు. ఆయన ఎవరినీ అనలేదు. తుత్తం అనగానే నాకు ఆమె మొగుడు గుర్తొచ్చాడు. తోటలకు కొట్టే మందులో మైలుతుత్తం ఉంటుంది, మైలుతుత్తంలో రాగి ఉంటుంది. మదనపల్లె నుంచి పుంగనూరు వచ్చే బస్సులో నాకు అంతా తేటగా కనబడింది. పని చెడితే నేను త్వరగా వదిలేస్తాను, ఆమె కుప్పం పోవచ్చు. అందుకే చేసింది. బస్సు దిగేటప్పటికి అది నాకు అనుమానం కాదు, తెలిసిన సంగతి.

మిల్లు విడిచే వేళ అది. రోడ్డు మీద పదిమంది ఉన్నారు. ఆమెను వీధి వాకిట్లోకి పిలిచాను.

"నీ కొంగు ముడి విప్పు."

"యాల అమ్మా?"

"విప్పమన్నాను."

విప్పింది. వక్కలు రెండు పడ్డాయి. సద్దిగిన్నె బోర్లించమన్నాను. సగం తిన్న సంగటి ముద్ద నేల మీద పడింది. దాని మీద మిల్లు పొట్టు ఎగిరివచ్చి అంటుకుంది.

"నీ మొగుడి దగ్గర తుత్తం తెచ్చి నా రంగులో కలిపినావు."

ఆమెకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ఏడవలేదు.

"నేను ముందే చెప్తినే అమ్మా, కళాయి లేదని. నేనేం కలపలేదు. మీరు ఒక్కసారి ఒంగి లోపల సూడండి. మీ కంటితో సూడండి."

"ఒంగడం మా ఇంట్లో లేదు," అన్నాను.

మిల్లు మేస్త్రీ ఆ పక్కనే నిలబడి వింటున్నాడు. మరునాటి నుంచి అతను కూడా ఆమెను పనిలోకి రానివ్వలేదు. నేను అతన్ని రానివ్వొద్దని అనలేదు. అనాల్సిన అవసరం లేకపోయింది.

మూడో రోజు ఆమె మళ్లీ వచ్చింది. గడప అవతలే నిలబడి, "నా మీద కోపముంటే కొట్టండమ్మా. ఆ కాగితం మాత్రం రాసీండి. మిల్లు పని కూడా పాయ. ఇంక నాకు అదొక్కటే ఉండాది," అంది.

నేను లోపలికి వెళ్లి రాశాను. మా నాన్న వాడిన కాగితం మీద, ఆయన వాడిన నీలం సిరాతో. ఈమె కష్టజీవి అనీ, చేతివాటం ఉన్న మనిషి అనీ, ఆడపిల్లలు ఉండే చోట నమ్మి పెట్టుకోవడం మంచిది కాదనీ మూడు వాక్యాలు. కవరులో పెట్టి, జిగురు అంటించి, పైన సంతకం చేసి ఇచ్చాను. ఆమె రెండు చేతులతో అందుకుని కళ్లకు అద్దుకుంది. "మీ ఇంటి ఉప్పు తిన్నాము అమ్మా, మీరు చెడుపు చెయ్యరని నాకు తెల్సు," అంది. ఆ మధ్యాహ్నమే ఆ కవరును రైకలో దోపుకుని పలమనేరు మీదుగా పోయే బస్సెక్కి కుప్పం పోయిందని విన్నాను.

గంగాళం కొట్టంలో అలాగే ఉండిపోయింది. అడుగున మడ్డి ఎండి కంపు కొట్టడం మొదలుపెట్టింది. తోమడానికి మనిషి లేదు. ఎవరికి కబురు పెట్టినా పని ఉందనే చెప్పారు. వారం రోజులు చూసి, చివరికి నేనే కొబ్బరిపీచు పట్టుకుని కూర్చున్నాను. అడుగు దాకా చెయ్యి చేరాలంటే తల లోపల పెట్టాలి. పెట్టాను.

లోపల తెలుపు ఎక్కడా లేదు. వట్టి రాగి. నీళ్లు ఎక్కడిదాకా నిలిచాయో అక్కడ వేలి మందాన పచ్చటి కిలుము చుట్టూ వడ్డాణంలా పట్టుకుని ఉంది. గోటితో గీకి, ఆమ్లంలో తడిపి, ఇనుప తీగ కొనకు అద్ది పొయ్యి మంటలో పెట్టాను. మదనపల్లెలో చూసిన పచ్చ మంటే.

అప్పటికీ నమ్మకూడదని ఒక ప్రయత్నం చేశాను. బజారులో ఒక కొత్త కుండ కొని, మిగిలిన పొట్టును అదే సోడాతో, అదే ఆమ్లంతో అందులో చేశాను. పసుపు దిగింది. చామంతి పువ్వే.

నిజం నాకు తెలిసిన నాలుగో రోజునో ఐదో రోజునో కుప్పం హాస్టలు నుంచి ఒక ప్యూను వచ్చాడు. మర్యాదస్తుడు. చెప్పులు మెట్ల కింద విడిచి వసారాలోకి వచ్చాడు.

"అమ్మా, మా వార్డెనమ్మ పంపించింది. ఆ ఆడమనిషి రోజూ వచ్చి వాకిట్లో కూర్చుని లేవనంటాండాది. మీ జాబు చదివి చెప్తే, మా దొరసానమ్మ అట్ల రాయదు, మీరు తప్పు చదివినారు అంటాండాది. వార్డెనమ్మకు కూడా ఆమెను చూస్తే మంచిదాని మాదిరి అగుపించింది. పెద్దింటి వాళ్లు కదా, ఒక మాట మళ్లా అడిగి రా, వాళ్లు సరే అంటే ఆ పాత జాబు చించేస్తాను అనింది. మీరు ఊ అంటే చాలు. రాసే పని కూడా లేదు."

అతని వెనక కొట్టం తలుపు తెరిచి ఉంది. గంగాళం కనబడుతోంది. దాని పక్కన కుండ, కుండ మీద గుడ్డలో ఆరుతున్న పసుపు. నేను ఊ అంటే నేను తప్పు రాశానని అవుతుంది. మా ఇంట్లో సంతకం పెట్టి తప్పు రాశారని కుప్పంలో, మా తొమ్మిది ఊళ్ల మధ్య, ఒక హాస్టలు వార్డెను చెప్పుకుంటుంది. నా దగ్గర మిగిలింది ఆ సంతకం ఒక్కటే.

"మా ఇంట్లో రాసింది తిరగరాయరు," అన్నాను.

అతను మెట్ల వైపు తిరిగాడు. మజ్జిగ ఇప్పించాను. తాగి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. ఆ పని ఇంకొకరికి ఇచ్చారు.

నేను దీన్ని క్షమాపణగా రాయడం లేదు. అడగాల్సిన మనిషిని అడగకుండా చదివేవాళ్లను అడగడం నాకు చేతకాదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

కుండలో చేసిన పసుపును లెక్చరరు గారు పరీక్షించి, శుద్ధంగా ఉందని కాగితం రాసిచ్చారు. సాయిబుగారు చిలప ముంచి, ఈసారి హాస్యం ఆడకుండా, నెలనెలా తెచ్చివ్వగలరా అని అడిగారు. తెస్తానన్నాను. తేలేకపోయాను. దంచే మనిషి దొరకలేదు. ఆ వాకిట్లో సంగటి నేల మీద పడడం చూసినవాళ్లు పదిమంది. వాళ్ల పేటలన్నిటిలోనూ ఆ సంగతి తెలుసు. కూలి ఎక్కువ ఇస్తానన్నా ఒక్కరూ మా గడప వైపు రాలేదు. నేనే నాలుగు రోజులు దంచాను. ఐదో రోజుకు దగ్గు పట్టుకుంది. పొట్టు మళ్లీ బట్టీలకే పోయింది.

ఎనభైలలో మెట్ట అమ్మకం పని మీద కుప్పం వెళ్లాను. రిజిస్ట్రారు ఆఫీసు నుంచి మెట్ట దగ్గరికి నడిచే దారిలో ఒక ఇటుక బట్టీ ఉంది. పొట్టుతో కాలుస్తున్నారు. ఆ వాసన నాకు దూరం నుంచే తెలిసింది. తల మీద ఎనిమిది ఇటుకలతో ఆమె ఎదురుగా వచ్చింది. జుట్టు చాలా నెరిసింది. నేను చూడనట్టు పోవచ్చు. ఆమే ఆగింది.

"బాగుండారా అమ్మా?"

"బాగుండాను."

ఇటుకలు కదలకుండా మెడ నిటారుగా పెట్టుకుని అడిగింది.

"గంగాళానికి కళాయి పెట్టిచ్చినారా?"

"పెట్టిచ్చినాము," అన్నాను.

"మంచిదమ్మా," అని దగ్గుకుంటూ బట్టీ వైపు వెళ్లిపోయింది.

గంగాళాన్ని అంతకు ముందు ఏడాదే మదనపల్లెలో పాత సామాన్ల దుకాణానికి తూకానికి అమ్మేశాం. లోపల కళాయి లేదు కాబట్టి తగరం గీకే పని తప్పిందని, దుకాణం మనిషి అందరికీ ఇచ్చేదాని కంటే కొంచెం ఎక్కువే ఇచ్చాడు.